ఆ వరండాలో అల్లిన గూడు!

రైలు టికెట్టు నుంచి పదో తరగతి ఫలితాల దాకా అన్నీ వెబ్‌సైట్లలోనే చూసుకుంటున్నాం. వాటిని తీర్చిదిద్దడమే వృత్తిగా బతుకుతున్న కుర్రాళ్లు ఇప్పుడు మన వీధికొకరు కనిపిస్తారు. వెబ్ డిజైనర్, ప్రొడక్ట్ డిజైనర్... పేరేదైనా వాళ్లందరి వృత్తికీ ఒక పుట్టిల్లుంది. అది అమెరికాలో లేదు, ఏ కంపెనీ ఆవరణలోనూ లేదు. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో అణువుల గుట్టు విప్పే శాస్త్రవేత్తల కొలువులో ఉంది. అదే సెర్న్!

జెనీవా ప్రధాన రైల్వేస్టేషన్ పేరు కోర్నవాఁ. దాని ముందు 18వ నంబరు ట్రామ్ ఎక్కి కూర్చుంటే చాలు, దిగాల్సిన చోటు ఎవర్నీ అడగక్కర్లేదు. ఎందుకంటే ఆ ట్రామ్ ఆఖరి స్టాపు పేరే సెర్న్. దుకాణాలు, బ్యాంకులు, గడియారాల షోరూములూ వెనక్కి పోతాయి. మేరాఁ అనే శివారు పట్టణంలోని బహుళ అంతస్తుల ఇళ్లు వస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా ఆకాశం విశాలమవుతుంది. ఓ పక్క జురా పర్వతాలు. మబ్బులేని రోజైతే మరోపక్క దూరంగా మోబ్లాఁ మంచు శిఖరం. మధ్యలో పొలాలూ ద్రాక్షతోటలూ. ఇలాంటి చోటా ప్రపంచాన్ని మార్చేసిన ఆవిష్కరణ జరిగింది అనిపిస్తుంది.

ట్రామ్ దిగగానే ఎదురుగా పెద్ద చెక్క బంతి కనిపిస్తుంది. ఎత్తు 27 మీటర్లు. 2002లో స్విట్జర్లాండ్ జాతీయ ప్రదర్శన కోసం కట్టిన దాన్ని తర్వాత తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. రోడ్డుకు అటూ ఇటూ గాల్లో వేలాడే గొట్టాల్లాంటి భవనం మాత్రం కొత్తది. పేరు సైన్స్ గేట్‌వే. ఇటలీకి చెందిన ప్రఖ్యాత వాస్తుశిల్పి రెంజో పియానో రూపకల్పన. 2023 అక్టోబరులో తెరిచారు. లోపలికెళ్లడానికి టికెట్టు లేదు, అంతా ఉచితమే. ఈ 'ఉచితం' అన్న మాట గుర్తుంచుకోండి. మన కథకు అదే ప్రాణం!

దారుల పేర్లే పాఠాలు

సెర్న్ అనగానే అందరికీ గుర్తొచ్చేది లార్జ్ హాడ్రాన్ కొలైడర్. భూమికి దాదాపు వంద మీటర్ల లోతున 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఉన్న సొరంగం అది. 2012లో హిగ్స్ బోసాన్ కణాన్ని పట్టుకున్నది అక్కడే. కానీ పైన తిరుగుతుంటే అంత హడావుడేమీ కనిపించదు. పాత ప్రభుత్వ క్వార్టర్లలాంటి భవనాలు. వాటి గోడల మీద నంబర్లు. ఆ నంబర్లకూ వరసకూ సంబంధం ఉండదు, ఒక భవనం పక్కన మరో నంబరు ఎక్కడో దూరంగా ఉంటుంది. కొత్తగా చేరినవారు దారి తప్పడం మామూలే. వీధుల పేర్లు మాత్రం చదువుతూ పోవాలనిపిస్తుంది. ఒకటి మేరీ క్యూరీ వీధి, ఒకటి ఐన్‌స్టీన్ వీధి, ఇంకొకటి ఫైన్‌మన్ వీధి.

సరిహద్దు గీత ఈ ప్రాంగణం మధ్య నుంచే పోతుంది. ఒక భవనంలో టీ తాగి మరో భవనంలో మీటింగుకి వెళ్లేసరికి దేశం మారిపోవచ్చు. మనం వెతుక్కుంటూ వచ్చిన 31వ నంబరు భవనం ఎటువైపుది అన్నదాని మీద కూడా సరదా తగవుంది. వెబ్ స్విట్జర్లాండులో పుట్టిందని లోకమంతా అంటుంటే, ఆ గది ఫ్రాన్స్ వైపుది కాబట్టి ఘనత మాదేననేవారూ ఉన్నారు. ఎల్లలు లేని లోకాన్ని కనిపెట్టిన గది ఏ దేశంలో ఉందో తేల్చుకోలేకపోవడం చిత్రమే కదూ!

బయటివారు నేరుగా ఆ భవనం దాకా వెళ్లడానికి లేదు. లోపల పనిచేసేవారి తోడు ఉండాలి. వెళ్లినా అక్కడ కనిపించేది పొడవాటి వరండా, రెండువైపులా తలుపులు. తలుపుల వెనక ఎవరి పని వారిది. సెర్న్‌లోని మరో భవనం వరండా గోడకు మాత్రం ఒక ఫలకం ఉంటుంది. ఈ వరండాలోని గదుల్లోనే వరల్డ్ వైడ్ వెబ్‌కు పునాదులైన సాంకేతికాలన్నీ తయారయ్యాయన్నది దాని సారాంశం. విగ్రహం లేదు, పూలదండ లేదు. అంతే!

సమస్య పేరు... మరపు

ఆ వరండాలో కూర్చున్నాయన పేరు టిమ్ బెర్నర్స్‌లీ. 1955లో లండన్‌లో పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ తొలితరం కంప్యూటర్ ప్రోగ్రామర్లే. ఆక్స్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్రం చదువుకుంటూ, పాత టీవీ ఒకటి సంపాదించి, సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని సొంతంగా ఓ కంప్యూటర్ తయారుచేసుకున్న ఘటికుడు. 1976లో చదువయ్యాక ఒక టెలికాం కంపెనీలో చేరారు. తర్వాత ఇంకో చిన్న సంస్థలో ప్రింటర్ల కోసం అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ రాశారు. పేజీ ఎలా కనిపించాలి, అక్షరం ఎక్కడ కూర్చోవాలి అన్న ఆలోచన ఆయనకు అలా ముందే పరిచయం.

1980లో ఆరునెలల కాంట్రాక్టు మీద మొదటిసారి సెర్న్‌కొచ్చారు. వచ్చీరాగానే ఓ చిక్కు ఎదురైంది. ఇక్కడ ఎవరు ఏం చేస్తున్నారు, ఏ యంత్రం ఏ ప్రోగ్రాముతో నడుస్తుంది అన్నది ఒక్కచోట ఎక్కడా లేదు. గుర్తుపెట్టుకోవడానికి తనకోసం తానే ఓ చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. దానిపేరు ఎంక్వైర్. చిన్నప్పుడు ఇంట్లో చూసిన విక్టోరియా కాలంనాటి గృహవిజ్ఞాన పుస్తకం పేరులోంచి తీసుకున్న మాటది. బట్టల మీద మరకల నుంచి డబ్బు వ్యవహారాల దాకా అన్నీ చెప్పే పుస్తకం! కాంట్రాక్టు అయిపోయింది. ఆయన వెళ్లిపోయారు. ఆ ప్రోగ్రామూ తెరమరుగైంది.

మళ్లీ 1984లో తిరిగొచ్చేసరికి చిక్కు ఇంకా పెద్దదైంది. సెర్న్‌కు ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది శాస్త్రవేత్తలు వస్తారు. ఒక్కొక్కరూ సగటున రెండేళ్లుంటారు. వెళ్తూ వెళ్తూ తమకు తెలిసిందంతా తమతోపాటే పట్టుకుపోతారు. రాసిపెట్టినా అది వాళ్ల కంప్యూటర్లోనే. ఒక కంప్యూటర్ మాట ఇంకోదానికి అర్థంకాదు. దేనికది వేరు పాస్‌వర్డ్, వేరు ప్రోగ్రాం. ఊరంతా పండితులే, కానీ ఎవరి గ్రంథం వారి పెట్టెలో తాళంవేసి ఉందన్నమాట!

'స్పష్టత లేదు... కానీ భలే ఉంది'

1989 మార్చిలో టిమ్ ఒక ప్రతిపాదన రాసి పై అధికారి మైక్ సెండాల్‌కు ఇచ్చారు. పత్రాలన్నిటినీ దారాలతో కట్టినట్టు ఒకదానికొకటి ముడివేయాలి, ఎవరు ఎక్కడ కూర్చున్నా ఆ దారం పట్టుకుని ఒకదాన్నుంచి మరోదానికి వెళ్లగలగాలి... ఇదీ అందులోని ఊహ. సెండాల్ దాన్ని చదివి పైన చేత్తో ఒక మాట రాశారు. తెలుగులో చెప్పాలంటే 'స్పష్టంగా లేదు, కానీ ఉత్సాహం కలిగిస్తోంది' అని. ఇప్పుడు సెర్న్ చరిత్రలో ఎక్కువసార్లు గుర్తుచేసుకునే వ్యాఖ్య అదే.

అణువుల్ని ఛేదించే సంస్థలో పత్రాల గొడవ ఎవరికి పట్టింది? ఏడాదిపాటు ఆ ప్రతిపాదనలో కదలిక లేదు. 1990 మేలో టిమ్ దాన్ని మళ్లీ పంపారు. అదే ఏడాది సెప్టెంబరులో సెండాల్ ఓ ఉపాయం చేశారు. నెక్స్ట్ అనే కొత్తరకం కంప్యూటర్ కొనడానికి అనుమతిచ్చారు. యాపిల్ నుంచి బయటికొచ్చిన స్టీవ్ జాబ్స్ పెట్టిన కంపెనీ తయారుచేసిన నల్లటి పెట్టె అది. దాని మీద టిమ్ తన ఊహను అమలుచేసుకోవచ్చు. పథకానికి అధికారికంగా పచ్చజెండా ఊపకుండానే పని జరగనిచ్చారన్నమాట. పెద్దవాళ్లు అడ్డుపడకుండా ఉండటం కూడా ఒక్కోసారి గొప్ప సాయమే.

బెల్జియానికి చెందిన రాబర్ట్ కయో అనే ఇంజినీరు తోడయ్యారు. ఇద్దరూ కలిసి ప్రతిపాదనను మెరుగుపరిచారు. పేరు కోసం చాలా తర్జనభర్జన జరిగింది. 'సమాచార గని' అనే అర్థమొచ్చే పేర్లు టిమ్‌కు తోచాయి. అందులో ఒకదాని పొడి అక్షరాలు కలిపితే తన పేరే వస్తోంది. అది బాగోదని వదిలేశారు. చివరికి వరల్డ్ వైడ్ వెబ్ అన్నది ఖాయమైంది. దానికి మూడు డబ్ల్యూలతో తొలి చిహ్నం గీసింది కయో. ఆయనకు అక్షరాలు రంగుల్లో కనిపిస్తాయట. డబ్ల్యూ అంటే ఆకుపచ్చ. అందుకే ఆ చిహ్నంలో ఆకుపచ్చ చేరింది!

నల్లపెట్టె... ఎర్రసిరా

1990 క్రిస్మస్ నాటికి అన్నీ సిద్ధం. పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్, పేజీకి చిరునామా, పేజీని అడిగి తెచ్చుకునే పద్ధతి, పేజీని చూపించే బ్రౌజర్, పేజీలను దాచే సర్వర్. హెచ్‌టీఎంఎల్‌ను టిమ్ శూన్యంలోంచి సృష్టించలేదు. సెర్న్‌లో పత్రాల తయారీకి అప్పటికే వాడుతున్న గుర్తులనే చాలావరకు తీసుకున్నారు. శీర్షిక, పేరా, జాబితా... ఇవన్నీ శాస్త్రవేత్తలకు తెలిసినవే. కొత్తగా కలిపిన ముఖ్యమైన గుర్తు ఒక్కటే, లింకు. తెలిసినదాని పక్కన తెలియనిది ఒక్కటి పెడితే జనం భయపడరు. వస్తువుల రూపశిల్పులు ఇప్పటికీ చెప్పే పాఠం ఇదే.

ప్రపంచంలోని తొలి వెబ్ సర్వర్ ఆ నల్లపెట్టే. రాత్రిపూట ఎవరైనా స్విచ్ ఆపేస్తే ప్రపంచంలో ఉన్న వెబ్ మొత్తం ఆగిపోతుంది! అందుకని దాని మీద ఓ కాగితం అంటించి, ఇది సర్వర్ అనీ, దీన్ని ఆపొద్దనీ ఎర్రసిరాతో రాశారు. ఆ కాగితం చిరుగులతో సహా ఇప్పటికీ దానిమీదే ఉంది. తర్వాత ప్రదర్శనల్లో ఆ పెట్టెను చూసినవాళ్లు ఎక్కువసేపు నిలబడి చదివేది ఆ రెండు వాక్యాలనే.

ఇంకో సంగతి. ఆ తొలి బ్రౌజర్ కేవలం చూపించేది కాదు. చూస్తున్న పేజీని అక్కడికక్కడే దిద్దొచ్చు, కొత్త పేజీ రాయొచ్చు, లింకు కలపొచ్చు. అంటే చదివేవాడే రాసేవాడు కూడా. టిమ్ కల అదే. కానీ అది నెక్స్ట్ కంప్యూటర్ మీద మాత్రమే పనిచేసేది. మిగతా కంప్యూటర్ల కోసం నికోలా పెలో అనే విద్యార్థిని ఇంకో బ్రౌజర్ రాసింది. గణితం చదువుకుంటూ శిక్షణ కోసం సెర్న్‌కొచ్చిన అమ్మాయి తను. మౌస్ అక్కర్లేదు, బొమ్మలు లేవు. లింకుల పక్కన నంబర్లుంటాయి, కావాల్సిన నంబరు నొక్కాలి. దానివల్లే వెబ్ ఏ కంప్యూటర్ మీదైనా చూసే వీలు కలిగింది. అయితే రాసే సౌకర్యం అందులో లేదు. ఎక్కువమందికి చేరాలన్న తొందరలో, రాసే చేయి అప్పుడే కొంచెం వెనక్కి వెళ్లింది.

ఫోన్ నంబర్లతో మొదలు

అంత గొప్ప ఆవిష్కరణ చూసి సెర్న్ శాస్త్రవేత్తలు ఎగిరి గంతేశారా? లేదు. వాళ్లకు కావాల్సింది ఫోన్ నంబర్లు! సంస్థ టెలిఫోన్ డైరెక్టరీ పెద్ద కంప్యూటర్లో ఉండేది. ఒక్క నంబరు కోసం లాగిన్ అయి, వెతికి, మళ్లీ బయటికి రావాలి. దాన్ని వెబ్‌లో పెట్టేసరికి పని సులువైంది. జనం మెల్లగా అలవాటుపడ్డారు. రోజువారీ చిన్న అవసరం తీర్చినప్పుడే పెద్ద ఊహకు తలుపు తెరుచుకుంటుంది.

1991 ఆగస్టు 6న టిమ్ ఈ సంగతిని ఇంటర్నెట్‌లోని ఒక చర్చాబృందంలో బయటి ప్రపంచానికి చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో ఈ రంగంలోని నిపుణుల సదస్సు జరిగింది. అక్కడ ప్రసంగానికి టిమ్ పంపిన పత్రాన్ని తీసుకోలేదు. పక్కన ఓ బల్ల దగ్గర ప్రదర్శించుకోమన్నారు. అక్కడే నిలబడి వచ్చినవారందరికీ చూపించారు. ఈ బల్ల తర్వాత కథలో మళ్లీ వస్తుంది.

వెబ్‌లోకి బొమ్మలు వచ్చిన తీరు ఇంకా సరదా. సెర్న్‌లో పనిచేసే అమ్మాయిలు కొందరు పాటల బృందం నడిపేవారు. పేరు లే హోరిబ్లే సెర్నెట్. కణాలూ కొలైడర్ల మీద ప్రేమపాటలు కట్టడం వారి ప్రత్యేకత! బృందం పేరు పొడి అక్షరాలు కూడా ఎల్‌హెచ్‌సీయే. 1992 జులైలో సెర్న్ ఉత్సవంలో కార్యక్రమం ముందు తీసిన వారి ఫొటోను టిమ్ అడిగి పెట్టించుకున్నారు. వెబ్‌కెక్కిన మొట్టమొదటి ఫొటోల్లో ఒకటిగా అది చరిత్రలో నిలిచింది. శాస్త్రం గురించిన గూడులోకి సరదా అడుగుపెట్టిన క్షణం!

పైసా అడగలేదు!

అసలు మలుపు 1993లో వచ్చింది. అప్పటికి వెబ్‌కన్నా గోఫర్ అనే పద్ధతికే ఆదరణ ఎక్కువ. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం తయారుచేసింది. మెనూలు, వాటికింద మెనూలు... తేలిగ్గా ఉండేది. ఆ ఏడాది మొదట్లో, వ్యాపారసంస్థలు వాడుకుంటే రుసుము కట్టాలని విశ్వవిద్యాలయం ప్రకటించింది. అంతే, కంపెనీలూ ప్రోగ్రామర్లూ ఉలిక్కిపడ్డారు. రేపు ఎవరిని ఎంత అడుగుతారో ఎవరికి తెలుసు? మరి వెబ్ సంగతేమిటి, సెర్న్ కూడా అడుగుతుందా అన్న అనుమానం అందరిలో మొదలైంది.

టిమ్, కయో ఆ ప్రమాదాన్ని పసిగట్టారు. సెర్న్ న్యాయవిభాగం చుట్టూ కయో కాళ్లరిగేలా తిరిగారు. 1993 ఏప్రిల్ 30న ఇద్దరు డైరెక్టర్ల సంతకాలతో చిన్న పత్రం వెలువడింది. వెబ్ సాఫ్ట్‌వేర్ మీద సెర్న్ తన హక్కులన్నిటినీ వదులుకుంటోంది, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు... ఇదీ దాని సారం. ఆ కాగితంలో ఆర్భాటమేమీ లేదు. ఆఫీసుల్లో రోజూ కదిలే కాగితాల్లాగే ఉంటుంది. కానీ గూగుల్ వెతుకులాటా, ఐఆర్‌సీటీసీ టికెట్టూ, మీసేవ పేజీ... అన్నీ ఆ కాగితం వేసిన దారి మీదే నడుస్తున్నాయి.

ఫలితం వెంటనే కనిపించింది. అమెరికాలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా రాసిన మొజాయిక్ బ్రౌజర్ అక్షరాల పక్కనే బొమ్మల్నీ చూపించింది. సెర్న్ లెక్కల ప్రకారం 1993 ఆఖరుకు ప్రపంచంలో తెలిసిన వెబ్ సర్వర్లు 500 పైచిలుకు. ఏడాది తిరిగేసరికి పదివేలు! గోఫర్ పేరు ఇప్పుడు చరిత్ర పుస్తకాల్లోనే ఉంది.

టిమ్‌కు డబ్బు రాలేదా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆయనకు 2004లో సర్ బిరుదు, 2016 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు వచ్చాయి. వెబ్ మీద మాత్రం పేటెంటు లేదు. 2021లో ఆ తొలి కోడ్ డిజిటల్ ప్రతిని సోదబీస్ సంస్థ వేలం వేస్తే 54 లక్షల డాలర్లు పలికింది. దాదాపు తొమ్మిదిన్నరవేల వరసల కోడ్ అది. అందరికీ ఊరికే ఇచ్చేసిన దానికి ఇరవైఎనిమిదేళ్ల తర్వాత పలికిన ధర!

అందం ఎవరి చేతిలో?

డిజైనర్ల కథ కూడా ఇక్కడే మొదలైంది. తొలి వెబ్ పేజీలకు అలంకారం లేదు. ఏ అక్షరం ఎంత పెద్దగా ఉండాలి, ఏ రంగులో ఉండాలి అన్నది చూసేవారి బ్రౌజరే నిర్ణయించేది. శాస్త్రవేత్తలకు అది చాలు. కానీ పత్రికలవాళ్లూ ప్రకటనలవాళ్లూ రాగానే తగువు మొదలైంది. మా పేజీ మేం గీసినట్టే కనిపించాలి అన్నది వారి పట్టు. చూసేది నేను, నా కళ్లకు తగ్గట్టు అక్షరం పెద్దది చేసుకోవద్దా అన్నది పాఠకుడి వాదన.

అప్పుడు సెర్న్‌లో టిమ్‌తో కలిసి పనిచేస్తున్న నార్వే కుర్రాడు హోకోన్ వీయుమ్ లీ దీనికో దారి చూపించారు. అంతకుముందు ఆయన అమెరికాలోని ఎంఐటీలో, కంప్యూటర్ మీద దినపత్రిక ఎలా కనిపించాలన్న అంశం మీద పనిచేశారు. 1994 అక్టోబరు 10న ఆయన పెట్టిన ప్రతిపాదనే సీఎస్ఎస్‌కు మూలం. పేజీలో విషయం వేరుగా, అలంకారం వేరుగా ఉండాలి. అలంకారాన్ని రాసినవాడూ చెప్పొచ్చు, చదివేవాడూ చెప్పొచ్చు. రెండూ మెట్లమెట్లుగా కలిసి చివరి రూపం వస్తుంది. బెర్ట్ బోస్ తోడయ్యాక, 1996 డిసెంబరులో అది ప్రమాణంగా వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్ అమీర్‌పేటలో వెబ్ డిజైన్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ తొలివారాల్లో నేర్చుకునేది దాన్నే.

ప్రొడక్ట్ డిజైనర్ అంటే ఒకప్పుడు కుర్చీకో, కుక్కర్‌కో రూపమిచ్చే వ్యక్తి. ఇప్పుడు ఆ మాట ఎక్కువగా తెర మీద మీటకు చోటు చూపించేవారికి వాడుతున్నారు. కానీ ప్రశ్న అదే. వస్తువు తయారీదారుకు అనుకూలంగా ఉండాలా, వాడేవారికి అనుకూలంగా ఉండాలా? సీఎస్ఎస్ ఇద్దరికీ చోటిచ్చింది. ఇప్పుడు మన ఫోన్లో ఉండే చాలా యాప్‌లు ఆ చోటును పాఠకుడికి ఇవ్వవు. మనం ఎంతసేపు చూడాలో, తర్వాత ఏం చూడాలో కూడా అవే నిర్ణయిస్తాయి.

కూలిన ఇల్లు మళ్లీ కట్టారు

ఇంత చరిత్ర ఉన్న ఆ మొదటి పేజీ ఏమైంది? పోయింది! కొత్తది రాసినప్పుడల్లా పాతదాని మీదే రాసేవారు. దాచుకోవాలన్న ధ్యాస ఎవరికీ లేదు. 1994లో టిమ్ అమెరికా వెళ్లిపోయి, వెబ్ ప్రమాణాలను కాపాడే సంస్థను ఎంఐటీలో ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరులో కొలైడర్ నిర్మాణానికి ఆమోదం దొరకడంతో సెర్న్ దృష్టంతా దాని మీదికి మళ్లింది. తొలి వెబ్‌సైట్ చిరునామా పనిచేయకుండా పోయింది.

వెబ్‌ను ఉచితం చేసి ఇరవయ్యేళ్లయిన సందర్భంగా 2013లో సెర్న్ మేల్కొంది. వెతికితే 1992నాటి ప్రతి దొరికింది. ఆ వార్త చూసి అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఒకరు తన దగ్గర 1991నాటి ప్రతి ఉందన్నారు. ఎలా? ఆ సదస్సులో ఓ బల్ల దగ్గర టిమ్ ప్రదర్శన చూపించారని చెప్పుకొన్నాం కదా! ఆ రోజుల నుంచి ఆ ప్రతి ఆయన దగ్గర ఉండిపోయింది. ప్రసంగానికి పనికిరాదన్న రోజుల్లోనే వెబ్ తొలి జ్ఞాపకం ఒకటి అలా భద్రంగా మిగిలింది.

ఆ ఏడాది కొందరు డెవలపర్లూ డిజైనర్లూ సెర్న్‌కొచ్చి నికోలా పెలో రాసిన బ్రౌజర్‌కు నేటి కంప్యూటర్లలో ప్రాణం పోశారు. 2019 ఫిబ్రవరిలో ఇంకో బృందం వచ్చింది. ఐదు రోజులు కూర్చుని టిమ్ తొలి బ్రౌజర్‌ను అచ్చుగుద్దినట్టు తిరిగి కట్టారు. రెమీ షార్ప్, జెరెమీ కీత్ వంటి పేరున్న వెబ్ నిపుణులు అందులో ఉన్నారు. ఇదేమీ వాళ్ల కంపెనీలకు లాభం తెచ్చే పని కాదు. తెర మీద అప్పటి అక్షరాల చుక్కలు ఎలా ఉండేవో చూసి ఫాంట్లు మళ్లీ గీశారు. లింకు తెరవాలంటే అప్పట్లో రెండుసార్లు నొక్కాలి. ఇప్పుడూ అలాగే ఉంచారు. పాత ఇంటిని కూల్చి కొత్తది కట్టేవాళ్లు ఎక్కువ. అదే పాత ఇంటిని, తలుపు కిర్రుమనే చప్పుడుతో సహా, మళ్లీ కట్టాలంటే ఆ పని మీద ప్రేమ ఉండాలి.

ఆ ప్రేమకు కారణం లేకపోలేదు. వెబ్‌లో రాసినది శాశ్వతం అనుకుంటాం. కానీ సొంత పేజీలు కట్టుకోవడానికి ఒకప్పుడు లక్షలమంది చేరిన జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. పెళ్లిఫొటోలు, ఊరి చరిత్రలు, అభిమాన నటుల పేజీలు ఎన్నో పోయాయి. కొంతమంది స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబగళ్లు కూర్చుని దాచినవి మాత్రం మిగిలాయి. అద్దెకొంపలో వేసిన ముగ్గు ఎన్నాళ్లుంటుంది?

మన అక్షరాలకూ చోటు

తొలి వెబ్ పేజీ ఇంగ్లిషులోనే ఉంది. మన తెలుగు అక్కడికి చేరడానికి ఇంకో గుంపు కష్టపడింది. చిత్రమేమిటంటే, ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్లో స్థిరమైన సంఖ్యలిచ్చే యూనికోడ్ తొలి రూపం 1991లోనే వచ్చింది. అందులో తెలుగు ఉంది! అయినా ఏళ్లతరబడి ఆ సౌకర్యం వాడుకలోకి రాలేదు. తొలినాళ్ల తెలుగు సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటు వాడేవి. ఆ ఫాంటు దించుకోకపోతే తెర మీద అర్థంలేని గుర్తులు కనిపించేవి. 1989 నాటి సెర్న్‌లో కంప్యూటర్ల పరిస్థితే, మనకు అక్షరాల్లో ఎదురైందన్నమాట.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని లాంటి ఉచిత పనిముట్లు వచ్చాక ఇంగ్లిషు మీటలతోనే తెలుగు రాయడం అలవడింది. వాటిని తయారుచేసినవాళ్లూ పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి ఇష్టంతో కూర్చున్నవారే. టిమ్ కోరుకున్న 'చదివేవాడే రాసేవాడు' తెలుగులో కనిపించింది ఆ రోజుల్లోనే.

సెర్న్‌లో మన దేశపు గుర్తు కూడా ఒకటుంది. 2004 జూన్‌లో భారత ప్రభుత్వం కానుకగా ఇచ్చిన రెండు మీటర్ల నటరాజ విగ్రహం. కణాల నిరంతర నర్తనానికి ప్రతీకగా నిలిపారు. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. భవనాల మధ్య నడుస్తూ ఆ కంచు విగ్రహం దగ్గరికొచ్చేసరికి చిదంబరం గుర్తురాక మానదు.

తెరిచే ఉన్న తలుపు

టిమ్‌కు తన సృష్టి మీద ఇప్పుడు సంతోషం ఎంత ఉందో బెంగా అంతే ఉంది. నాలుగైదు కంపెనీల ప్రహరీల మధ్య జనం ఇరుక్కుపోయారనీ, వారి సమాచారం వారి చేతిలో లేదనీ ఆయన ఏళ్లుగా చెబుతున్నారు. మన సమాచారం మన దగ్గరే ఉండేలా సాలిడ్ పేరుతో కొత్త పద్ధతినీ తయారుచేస్తున్నారు. అది నిలుస్తుందా లేదా అన్నది కాలం చెప్పాలి. ఈలోగా 1993లో తెరిచిన తలుపును మాత్రం ఎవరూ మూయలేదు. నోట్‌ప్యాడ్‌లో నాలుగు గుర్తులు రాసి, మీ ఊరి చెరువు గురించో, నాయనమ్మ చేసే పులిహోర గురించో ఓ పేజీ కట్టడానికి ఇప్పటికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేసవి సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఓ పేజీ రాయించి చూడండి. తాము రాసిన అక్షరం తెర మీద కనిపించగానే వాళ్ల ముఖంలో వచ్చే వెలుగు, ఆ వరండాలో మొదలైందే!

ఇలా వెళ్లొచ్చు

హైదరాబాద్ నుంచి జెనీవాకు నేరుగా విమానం లేదు. గల్ఫ్ నగరాల్లోనో, యూరప్‌లోని మరో నగరంలోనో మారాలి. షెంజెన్ వీసా ఉండాలి. జెనీవాలో హోటళ్లలో దిగినవారికి నగర రవాణాకు ఉచిత కార్డు ఇస్తారు కాబట్టి 18వ నంబరు ట్రామ్ ఖర్చు కూడా ఉండదు. సైన్స్ గేట్‌వేకు సోమవారం సెలవు. గైడుతో లోపలి ప్రాంతాలు చూపించే పర్యటనలూ ఉచితమే, అయితే చోట్లు పరిమితం కాబట్టి ఉదయాన్నే చేరుకోవడం మేలు. సొరంగంలోకి మాత్రం మామూలుగా దింపరు.

అంతదూరం వెళ్లలేనివారు బెంగపడక్కర్లేదు. ఫోన్లో 'ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్' అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తొలి వెబ్‌సైట్ మీ అరచేతిలో ఉంటుంది. తెల్లకాగితం మీద నల్ల అక్షరాలు. బొమ్మ లేదు, ప్రకటన లేదు, మీ పేరూ నంబరూ అడగదు.